చదివి సంతకం పెట్టండి

ఆ డిపార్ట్‌మెంటులో ఆమెను అందరూ జెండాలమ్మ అనేవారు. వెనకాల కాదు, ముఖం మీదే. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఊరుకుంది. ఆ పేరు తెచ్చిపెట్టింది తన చేతులే కదా మరి.

విశ్వవిద్యాలయం వారి వైద్య విభాగం, నాలుగో అంతస్తు, లిఫ్టు పక్కన కిటికీ లేని గది. ఇంకా బజారులోకి రాని మందులు ఒప్పుకున్న మనుషులకిచ్చి, ఏం జరుగుతుందో చూసి రాసుకునే చోటు అది. కాగితం మీద ఆమె రీసెర్చ్ కోఆర్డినేటర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. రోగులకు ఫోన్లు చేసి బతిమాలి రప్పించాలి, రక్తం తీయించాలి, గొట్టాలకు చీటీలంటించాలి, తిరిగొచ్చిన సీసాల్లో మాత్రలు లెక్కపెట్టాలి, ఫ్రీజరు డిగ్రీలు రోజుకు రెండుసార్లు రాయాలి. ఇదంతా ఒక ఎత్తు, ప్రతి కాగితం మీదా ప్రొఫెసరుగారి సంతకం సంపాదించడం ఒక ఎత్తు.

ప్రొఫెసరుగారికి తీరికుండేది కాదు. లిఫ్టులో పెట్టేవాడు సంతకం, చేతులు తుడుచుకుంటూ పెట్టేవాడు, ఒకసారి కారు బానెట్ మీద కూడా పెట్టాడు. ఎక్కడ పెట్టాలో వెతుక్కోవలసి వస్తే మాత్రం విసుక్కునేవాడు. అందుకని ఆమె రంగురంగుల అంటుచీటీలు కొనుక్కొచ్చి కాగితాల అంచులకు అతికించడం మొదలుపెట్టింది. పసుపు జెండా ఉంటే సంతకం. గులాబీ ఉంటే సంతకం, తేదీ. ఆకుపచ్చది ఉంటే చదివి సంతకం. ఆకుపచ్చ వాటి మీద 'చదవండి' అని తనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది.

వారం తిరక్కుండానే ఆయన ఒక ఆకుపచ్చ జెండా పీకి బుట్టలో పడేశాడు.

"ఇవి మానెయ్యమ్మా. చదవడానికే కదా నువ్వున్నది?"

ఆ మాటకు ఆమె పొంగిపోయింది! అంత పెద్దాయన తన కళ్ళని అంతగా నమ్మాడే అనుకుంది. చెంప ఛెళ్ళుమనిపించాల్సింది ఆ రోజునే, ఆయన్ని కాదు, ఈమెని. ఇంటికెళ్ళి అత్తగారికి కూడా గొప్పగా చెప్పుకుంది. ఆ అత్తగారు ముప్ఫై ఏళ్ళు వార్డులో హెడ్‌నర్సుగా చేసి దిగిన మనిషి. "నిన్ను నమ్మలేదే పిచ్చిదానా, నీ నెత్తిన పెట్టాడు," అంది. అత్తగారు కదా, ఓర్వలేక అంటోందిలే అని ఈమె చెవిన పెట్టలేదు.

అలా మొదలైంది పెన్సిలు. రక్తపరీక్ష రిపోర్టులో హద్దు దాటిన ప్రతి అంకె పక్కనా రెండు గళ్ళుంటాయి. ఒకటి 'పట్టించుకోవాలి', రెండోది 'పట్టించుకోనక్కర్లేదు'. అందులో ఏది టిక్ కొట్టాలో డాక్టరు నిర్ణయించాలి, సంతకం పెట్టాలి. కానీ పదింట తొమ్మిది వంతులు రెండో గడే కాబట్టి, ప్రొఫెసరుగారి సమయం ఎందుకు పాడు చెయ్యడమని, ఆమె ముందే పెన్సిలుతో ఆ గడిలో సన్నగా గీసి ఉంచేది. ఆయన దాని మీద ఇంకుతో గీసి, కింద సంతకం పెట్టేవాడు. రబ్బరు పెట్టి తుడిచే పని కూడా లేదు, పెన్సిలు ఇంకు కింద దాక్కునేది. ఏడాది పాటు ఇద్దరికీ సుఖంగా ఉంది. అడిగేవాళ్ళెవరు?

పదిహేడో నంబరు దర్జీ. ఈ పరీక్షలో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. మోకాళ్ళ వాపుల మందు ఇది. ఏడు నెలల క్రితం ఆయన చేతికర్రతో, గోడ పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు మెట్లెక్కి వస్తున్నాడు, లిఫ్టు ఆలస్యమని తిడుతూ.

ఆ బుధవారం పొద్దున వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు ముంజేయి గోక్కుంటున్నాడు.

"దురదా బాబాయ్?" అంది ఆమె.

"ఒళ్ళు పొడిబారింది. చలి కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇదుగో అమ్మాయ్, మోకాలి గురించి అడుగు, చెప్తా. నిన్న ఒక్కరోజే నాలుగు ప్యాంట్లు కుట్టాను. ఈ పాదంతో తొక్కాను మిషను."

ఆమె తల ఎత్తి చూసింది. కంట్లో తెలుపు తెలుపుగా లేదు.

"మూత్రం రంగు ఎలా ఉంటోంది?"

"ఛీ! ఇంట్లో మా ఆవిడదీ ఇదే గోల, ఇక్కడా ఇదేనా? పని చూసుకో."

సరేనని సీసా తీసుకుని బోర్లించింది. ఏమీ రాలలేదు. ముప్ఫై ఆరు ఇచ్చింది, ముప్ఫై రోజులైంది, ఆరు మిగలాలి.

"ఆరేవి?"

"కింద పడ్డాయి. ఊడ్చేశాం."

ఎంత ముద్దుగా చెప్పాడో! కుట్టగా మిగిలిన గుడ్డ ముక్క ఏ దర్జీ అయినా తిరిగిచ్చాడా ఈ భూమ్మీద? మాత్రలు ఎప్పుడైనా ఆగిపోతాయేమోనని భయం, చేతిలో నాలుగు ఉంటే ధైర్యం. ఆమెకది అర్థమైంది. అర్థమై కూడా రెట్టించలేదు. రక్తం తీయించి, "రిపోర్టు వచ్చాకే కొత్త సీసా," అంది.

"ఏడు నెలలుగా లేని రూలు ఇవాళ పుట్టిందా?"

రూలు మొదట్నించీ ఉంది. పాటించనిది ఆమే. ఆ సంగతి మింగేసి, "రేపు ఫోన్ చేస్తాను," అంది. ఆయన లేచి, "మీ పెద్ద డాక్టరుకి చెప్తా నీ సంగతి," అని తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి రిపోర్టు వచ్చింది. కాలేయానికి సంబంధించిన ఒక అంకె ఉంటుంది. నలభై దాటకూడదు. రెండు వందల తొంభై ఉంది. రెండు వందలు దాటితే ఆ క్షణమే మందు ఆపాలి, ఇరవైనాలుగు గంటల్లో మందు చేసే కంపెనీకీ, రోగుల క్షేమం చూసే నైతిక కమిటీకీ తెలపాలి. అది పరీక్ష పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉన్న రూలు.

ఆమె ఫైలు తెరిచి పోయిన నెల రిపోర్టు తీసింది. నూట ముప్ఫై. నూట ఇరవై దాటితే రెండు రోజుల్లో మళ్ళీ రక్తం తీయాలి. మళ్ళీ తీయలేదు. ఎదురుగా 'పట్టించుకోనక్కర్లేదు' గడిలో నల్ల ఇంకు టిక్కు, దాని అంచున బయటికి తొంగిచూస్తూ బూడిదరంగు గీత. తన పెన్సిలు.

ఆ రోజు గుర్తొచ్చింది. ముప్ఫై ఒక్క రిపోర్టులు, భుజానికీ చెవికీ మధ్య ఫోను, అవతల కొరియర్ వాడు రక్తం గొట్టాలు పంపే మంచుపెట్టె రేపు తెస్తానని సతాయింపు. వాణ్ణి తిడుతూ పైనుంచి కిందికి టిక్కులు గీసుకుంటూ పోయింది. అంకె చూడనే లేదు. ఆ చూడని గీత మీద ఇంకొకాయన చూడకుండా గీశాడు. తిలాపాపం తలా పిడికెడు. పాపమేమో వీళ్ళది, పిడికెడు తిన్నది మాత్రం దర్జీ. నెల రోజులు, రోజుకొకటి.

మూడింటికి రెండు రిపోర్టులూ పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్ళింది. ఆయన చూశాడు. ఈసారి నిజంగానే చదివాడు, కళ్ళజోడు పెట్టుకుని మరీ.

"ఎవరు చూశారు ఇది?"

"నేనే సార్. ఇప్పుడే. వెంటనే మందు ఆపమని మీరు రాయాలి. నేను రాస్తే చెల్లదు."

"రేపు పదింటికి కంపెనీ తనిఖీ. తెలుసు కదా?"

"తెలుసు సార్."

"రేపు సాయంత్రం ఆ తనిఖీ ఆవిడ వెళ్ళాక ఆపుదాం. ఒక్కరోజుకి మనిషి చచ్చిపోడు." పోయిన నెల రిపోర్టు ఆమె వైపు తోశాడు. "దీని కొత్త కాపీ ఒకటి తియ్యి, గీతల్లేనిది. 'పట్టించుకోవాలి' మీద టిక్ పెడతాను, పోయిన నెల తేదీ వేస్తాను. ఫోన్ల రిజిస్టరులో మూడు సార్లు పిలిచామని రాయి. మనిషి రాలేదని రాయి."

"ఆయన పిలిస్తే వస్తాడు సార్. నేను పిలవలేదు."

"ఏమ్మా, పెన్సిలు గీత ఎవరిది?"

ఆమె ఆ గీత వైపు చూసింది.

"నీదే కదా. నేను నోరు విప్పితే పోయేది ఎవరి ఉద్యోగం? నిన్ను కాపాడుతున్నాను, అర్థమవుతోందా?" బల్ల మీద ఒక కాగితాన్ని వేలితో తట్టాడు. ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించే కాగితం అది. దాని అంచున పసుపు జెండా ఉంది, సోమవారం ఆమే అతికించింది. "దీనిమీద కూడా సంతకం పెట్టాలి కదా నేను."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పంచదార పూసినట్టు మాట్లాడేవాడి పీక పిసకడం కష్టం. ఆమె కాగితాలు తీసుకుని బయటికొచ్చింది. దర్జీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ ఎత్తలేదు. మూడుసార్లు పిలిచామని దొంగరాత రాయమన్న రోజునే నిజంగా ఆరుసార్లు పిలవాల్సి వచ్చిందే అని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు బేసిన్లో వేడినీళ్ళు పోసుకుని పాదాలు నానబెట్టుకుంటోంది. ఈమె ముఖం చూసి, "ఎవడు పోయాడు?" అంది. నర్సులు అంతే అడుగుతారు. ఈమె నిలబడే మొత్తం చెప్పింది. పెన్సిలు గీత సంగతీ దాచలేదు.

"అయితే నువ్వూ దొంగవే," అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"వార్డులో మాకు మొదటిరోజే చెప్పేవాళ్ళు, రాయనిది చెయ్యనట్టే అని. చెయ్యనిది రాస్తే ఏమంటారో చెప్పలేదు. అంత దూరం వెళ్ళేవాళ్ళుంటారని అనుకోలేదు కాబోలు." పాదాలు తుడుచుకుంది. "అతని దగ్గర ఆరు మాత్రలున్నాయన్నావ్. ఇక్కడ నిలబడి నాకేం చెప్తావ్? కాగితాలు ఎక్కడికీ పారిపోవు, పో, ముందు అవి పట్రా."

దర్జీ కొట్టు రెండు బస్‌స్టాపుల అవతల. దీపాలు పెట్టే వేళ. చెప్పుల దుకాణానికీ తాళాల దుకాణానికీ మధ్య ఇరుకు గది, లోపల ఒక మిషను, మెడలో టేపుతో ఆయన. ఈమెను చూడగానే పెడల్ ఆపకుండానే, "సీసా తెచ్చావా?" అన్నాడు.

"లేదు బాబాయ్. ఆ ఆరు మాత్రలు తీసుకెళ్ళడానికొచ్చాను."

"లేవన్నానుగా."

"ఉన్నాయి. ఇవ్వు. ఆ మందు నీ కాలేయం తినేస్తోంది."

మిషను ఆగింది. "ఎవరు చెప్పారు?"

"నీ రక్తం. ఇవాళే కాదు, పోయిన నెలే చెప్పింది. నేను చూడలేదు."

"నువ్వు చూడలేదా, డాక్టరు చూడలేదా?"

డాక్టరు అనేయొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ముందు నేను," అంది. "చూడకుండా పరవాలేదని గీత గీసింది నేను. ఆయన దాని మీద సంతకం పెట్టాడు."

దర్జీ కత్తెర తీసి బల్ల మీద కొట్టాడు. చెప్పులవాడు తొంగిచూశాడు.

"గుడ్డ మీద సుద్దగీత గీసేముందు నేను మూడుసార్లు కొలుస్తాను. గుడ్డ మీద! చెడితే ఇంకో గజం కొనుక్కుంటారు. నన్నేం చేస్తావే? ఏ కొట్టులో కొంటావ్ నన్ను?"

"తిట్టు బాబాయ్. మాత్రలిచ్చి తిట్టు."

"రేపట్నుంచి ఈ పెడల్ ఎవడు తొక్కుతాడు? మీ ప్రొఫెసరొచ్చి తొక్కుతాడా? ఏడు నెలలు నాకు కాళ్ళిచ్చి, ఇప్పుడొచ్చి లాక్కుంటావా? సిగ్గులేదూ?"

ఆమె కదల్లేదు. ఆయన గొణుక్కుంటూ బొత్తాల డబ్బా తీశాడు. మూత తీసి, బొత్తాల మధ్య నుంచి ఒక్కొక్కటే ఏరి ఆమె అరచేతిలో గిరాటేశాడు. ఐదు.

"ఆరోది?"

"వేసుకున్నా."

"ఎప్పుడు?"

"ఇందాక. నువ్వు సీసా ఇవ్వలేదని కోపమొచ్చి, పొద్దుటి దానికి తోడు ఇంకోటి వేసుకున్నా."

ఆమె ఆటోను పిలిచింది. ఆయన రానన్నాడు, షట్టరు దించనన్నాడు, రేపు కోటు డెలివరీ ఉందన్నాడు. చివరికి చెప్పులవాడే, "ఏమయ్యా, కళ్ళు అద్దంలో చూసుకున్నావా నువ్వు?" అని రెక్క పట్టుకుని ఎక్కించాడు. అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు కుర్రది, నిద్రలేని ముఖం. రిపోర్టు చూసి, కంటిరెప్ప కిందికి లాగి చూసి, ప్రొఫెసరుగారెవరో తనకేమీ పట్టనట్టు కేసుకాగితం మీద రాసేసింది. పరీక్ష మందు తక్షణం ఆపవలెను, వార్డులో చేర్చవలెను. అరనిమిషం కూడా పట్టలేదు ఆ వాక్యం రాయడానికి. అయిందేదో అయింది, మందు ఆగింది.

మర్నాడు ఏడింటికే ఆమె నాలుగో అంతస్తులో ఉంది. ఒక తెల్లకాగితం తీసి జరిగింది జరిగినట్టు రాసింది. ఫలానా తేదీన అంకె చూడకుండా పెన్సిలుతో టిక్కు గీసింది నేను. ఏడాదిగా ఇలాగే గీస్తున్నాను. దానిపై ప్రొఫెసరుగారు సంతకం చేశారు. రెండోసారి రక్తం తీయలేదు. రోగికి ఫోన్ చేయలేదు. నిన్న మూడు గంటలకు ఆయనకు చెప్పాను. ఇవాళ సాయంత్రం తనిఖీ అయ్యాక ఆపుదామన్నారు. పాత తేదీ వేస్తానన్నారు. మాత్రలు ఐదు తెచ్చాను, ఆరోది ఆలస్యమైంది. కింద తన సంతకం, ఇవాళ్టి తేదీ, ఏడు గంటల ఇరవై నిమిషాలు. నైతిక కమిటీ పెట్టెలో ఒక కాపీ వేసి వచ్చింది. రెండోది పదిహేడో నంబరు ఫైల్లో పెట్టాలి. ఫైల్లో పెట్టే ఏ కాగితం మీదైనా ప్రొఫెసరుగారి సంతకం ఉండాలి.

డ్రాయరు అడుగున ఏడాదిగా పడి ఉన్న ఆకుపచ్చ చీటీల కట్ట తీసింది. జిగురు ఎండిపోయింది. ఒకటి చింపి, 'చదవండి' అని రాసి, టేపు వేసి అంటించింది.

తొమ్మిదీ నలభైకి ప్రొఫెసరుగారు కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తనిఖీకి ముందు ఎప్పుడూ నలభై యాభై కాగితాలుంటాయి. నిలబడే పెన్ను తీశాడు. పసుపు, సంతకం. గులాబీ, సంతకం, తేదీ. పసుపు, పసుపు.

"ఆ రెండూ సర్దేశావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అంతా రాశాను సార్. అందులోనే ఉంది."

"గుడ్."

ఆకుపచ్చది వచ్చింది. చెయ్యి ఆగింది. ఎలాగూ తిడతాడు, తిట్టనీ, చదవనీ అనుకుంది. తిట్టినా సరే కాపీ ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది.

"ఇవి మానెయ్యమన్నానా లేదా?" టేపుతో సహా పీకాడు.

"అది చదవాలి సార్."

"చదవడానికే కదా నువ్వున్నది?" అంటూనే సంతకం పెట్టాడు, తేదీ వేశాడు, పేజీ తిప్పాడు. ఆకుపచ్చ చీటీ బుట్టలో పడింది.

పదింటికి తనిఖీ ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, ఎర్ర పెన్ను, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. మూడో ఫైలుగా పదిహేడో నంబరు తీసింది. ఆ కాగితం దగ్గర ఆగింది. ఒకసారి చదివింది, మళ్ళీ మొదట్నుంచి చదివింది, ప్రొఫెసరుగారిని పిలిపించింది.

"ఇందులో ఉన్నదంతా మీరు ఒప్పుకుంటున్నారా అండి?"

ఆయన చేతిలోకి తీసుకున్నాడు. రెండో పంక్తికే ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. జెండాలమ్మ వైపు చూసిన చూపుకు మనిషి మాడిపోవాలి. ఆమె మాడలేదు, చూస్తూనే ఉంది.

"ఇది మోసం. ఇది... ఇది నేను చదవలేదు."

"సంతకం మీదేనా?"

"నాదే. కానీ చదవలేదంటున్నాగా!"

తనిఖీ ఆవిడ ఎర్ర పెన్ను మూత పెట్టింది. బల్ల మీద కట్టలుగా ఉన్న ముప్ఫై ఫైళ్ళ వైపు చూసింది.

"మరి వీటిలో ఏవి చదివారు?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టేశాడు.

మధ్యాహ్నానికి పరీక్ష మొత్తం ఆపేయమని ఉత్తరువు వచ్చింది. ఆమె ఉద్యోగపు కాగితం సంతకం లేకుండానే తిరిగొచ్చింది, దాని పసుపు జెండాతో సహా. నెలాఖరు వరకే గడువు. అనుకున్నదే, అయినా కళ్ళనీళ్ళు తిరిగాయి. డిపార్ట్‌మెంటులో ఒక్కరూ పలకరించలేదు. లిఫ్టులో ఆమెను చూసి ఇద్దరు దిగిపోయారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది అని ఎవరో వినపడేలా అన్నారు.

ఆమె మెట్లు దిగి వార్డుకు వెళ్ళింది. ఎవరైనా ఒక్కరు, పోన్లే, బతికించావ్ అంటారని ఆశ. మనిషన్నాక ఉంటుంది. దర్జీ మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. మంచానికి ఆనించి పాత చేతికర్ర. వాళ్ళావిడ తెచ్చి పెట్టినట్టుంది.

"అంకె తగ్గుతోందట బాబాయ్. డాక్టరు చెప్పింది."

ఆయన తిరగలేదు. ఆ గోడతోనే చెప్తున్నట్టు అడిగాడు.

"ఇంకా ఎంతమందికి గీశావ్?"

ముప్ఫై మంది, పన్నెండు నెలలు. ఫోను చెవిలో పెట్టుకుని గీసినవి ఎన్నో, చూసి గీసినవి ఎన్నో.

"తెలీదు," అంది.

పైకొచ్చి, తలుపు వేసుకుని, ఒకటో నంబరు ఫైలు తెరిచి మొదటి రిపోర్టు మొదటి అంకె నుంచి చదవడం మొదలుపెట్టింది.